పలక ఆరేదాకా

శ్రీశైలం బస్సులో మార్కాపురం మీదుగా వెళ్లినవాళ్లు చాలామందే ఉంటారు. అక్కడ దిగినవాళ్లు తక్కువ. దిగి, ఏడాది నిండిన పిల్లనీ అత్తగారినీ వెంటబెట్టుకుని, గుళ్లూ గోపురాలూ వదిలేసి రాళ్లగుట్టలూ కుంటలూ చూసొచ్చినదాన్ని నాకు తెలిసి నేనొక్కదాన్నే. రెండేళ్ల కిందటి ప్రయాణమిది. పాప నిద్రపోయాక, రోజుకి కాస్తగా రాసుకుంటూ వచ్చాను.

అప్పుడు నేను పీజీ చదువుతున్నాను. ఉపగ్రహాలు తీసిన చిత్రాల్ని కంప్యూటర్లో పరిశీలించి, నీటికీ నేలకీ అడవికీ వచ్చిన కష్టాలకు దారి వెతికే చదువు. జియోస్పేషియల్ టెక్నాలజీ అంటారు. పెళ్లయ్యాక చేరాను, మధ్యలో నిత్య పుట్టింది. పశ్చిమ ప్రకాశంలో వానాకాలం నీళ్లు ఎక్కడెక్కడ నిలుస్తాయో చూపించే మ్యాపు నా ప్రాజెక్టు. ఆ ప్రాంతమే ఎందుకంటే నేను పుట్టింది మార్కాపురంలో. నాకు పదేళ్లు వచ్చేదాకా మా నాయన అక్కడ పలకలకు చెక్క చట్రాలు బిగించే షెడ్డు నడిపాడు. పలకల గిరాకీ పడిపోయి షెడ్డు మూతపడ్డాక గుంటూరు వచ్చేశాం.

మ్యాపుని గదిలో కూర్చుని గీసేస్తే సరిపోదు. నీలిరంగు వేసిన చోట నిజంగా చెరువో కుంటో ఉందా అని వెళ్లి చూసి రావాలి. వచ్చే నెల సమీక్షకి మ్యాపు నేలతో సరిపోవాలనీ, లేకపోతే ఇంకో సెమిస్టరు చదవాల్సిందేననీ మా గైడు సారు ముందే చెప్పారు. ఇంకో సెమిస్టరు అంటే నాకు చదువు ఆగిపోయినట్టే. నిత్యని చూసుకుంటున్నది మా అత్తయ్య. సమీక్ష అయ్యే సమయానికి ఆవిడ పెద్దకూతురి కాన్పుకి హైదరాబాదు వెళ్లాలి, మళ్లీ ఎప్పటికి వస్తారో తెలియదు. మా ఆయనది షిఫ్టుల ఉద్యోగం. పిల్లని ఎవరి చేతిలో పెట్టి కాలేజీకి వెళ్లను?

అందుకే ఈ ప్రయాణం ఒక్కసారికే. నేను ఒక్కదాన్నే వెళ్లొస్తానంటే అత్తయ్య ఒప్పుకోలేదు.

“దాన్ని వదిలి నువ్వుండలేవు, నిన్ను వదిలి అదుండలేదు. రాత్రంతా దాని ఏడుపు వింటూ నేనుండలేను. పదండి, అందరం పోదాం,” అన్నారు.

అత్తయ్యది తెనాలి. కాలవ లేని ఊరు ఊరే కాదని ఆవిడ నమ్మకం. ఆ వైపు బోరునీళ్లలో ఫ్లోరైడు ఎక్కువని నేను చదువుకున్న పాఠాలు అప్పటికే నన్ను నిద్రపోనివ్వడం లేదు. నిత్య పాలపొడి కోసం ఇంటి దగ్గర్నుంచే పెద్ద క్యాను నిండా మంచినీళ్లు రైలెక్కించాను. బోగీలో అందరూ మమ్మల్ని పెళ్లివంటలవాళ్లలా చూశారు.

మార్కాపురం

స్టేషన్ బయట ఆటోల వరసలో నలభై దాటిన ఒకాయన ఎదురొచ్చాడు. పేరు రమణ.

“యాడికి పోవాల పెద్దమ్మా?”

“నేను నీకు పెద్దమ్మనా? నీకంటే పదేళ్లు పెద్దదాన్నవుతానేమో అంతే,” అన్నారు అత్తయ్య.

“అయితే అక్కవి. ఎక్కక్కా.”

మా వైపు ముక్కూమొహం తెలియనివాళ్లతో ‘ఏవండీ’ అని సరిపెడతాం. ఇక్కడ ఏదో ఒక వరస కలపకుండా మాట మొదలవదు. ఆ నాలుగు రోజులూ రమణ ఆటోనే మా ఇల్లు. రెండో రోజుకల్లా అత్తయ్య మళ్లీ పెద్దమ్మ అయిపోయారు, ఆవిడా పలికారు.

ముందు సుబ్బరత్నమ్మ పెద్దమ్మ దుకాణానికి వెళ్లాం. మా షెడ్డు పక్కనే ఉండేది వాళ్ల బొరుగులూ పప్పులూ అమ్మే దుకాణం. మేం మరమరాలు అనేవాటిని ఇక్కడ బొరుగులు, పుట్నాలపప్పుని పప్పులు అంటారు. చిన్నప్పుడు ఆ బొరుగుల మూటల మధ్య కూర్చునే నేను అక్షరాలు దిద్దాను. పెద్దమ్మ కళ్లజోడు పైకెత్తి నన్ను చూసింది.

“చట్రాల వెంకటేశు కూతురివి గదా! ఏందిమే, ఇట్ల అయిపోయినావు? తిండి పెట్టరా నీకు ఆడ?” అంది, అత్తయ్యనే చూస్తూ.

“పెడతామండీ,” అన్నారు అత్తయ్య. “తినడానికి మీ అమ్మాయికి తీరిక ఉండదు. పొద్దస్తమానం కంప్యూటర్లో కుంటలు వెతుక్కుంటూ ఉంటుంది.”

ఇద్దరూ ఒకరినొకరు ఒక క్షణం తూకం వేసుకున్నారు. తర్వాత పెద్దమ్మ అత్తయ్యకి కుర్చీ వేసింది. నా చదువేమిటో ఫోన్లో చూపిస్తుంటే తన మిద్దె కనిపిస్తుందా అని అడిగింది. నా చిత్రాల్లో ఇళ్లు అంత వివరంగా కనబడవు, అందుకే ఫోన్లో అందరూ దారి వెతుక్కునే మామూలు మ్యాపు తెరిచి, వేలితో పెద్దది చేసి చూపించాను.

“ఈ మచ్చ ఏంది?”

“మీ మిద్దె మీది రేకుల కప్పు పెద్దమ్మా. తుప్పు పట్టినట్టుంది.”

“అయితే నీ ఫొటో పాతదిమే. పోయిన చవితినాడు వానకి ఆ రేకు లేచిపోయింది. కొత్త రేకు ఏసినాం గదా. ఏం వాన అది! పందిట్లో వినాయకుడే తడిసి ముద్దయినాడు.”

మేం వెళ్లబోతుంటే అటక మీద వెతికి ఒక చిన్న రాతిపలక తీసుకొచ్చింది. చట్రం మూలలు గుండ్రంగా చెక్కి ఉన్నాయి. మూలలు పిల్లల చేతులకు గీసుకుంటాయని అలా చెక్కేది మా నాయన ఒక్కడే.

“మీ నాయన బిగించిందే. మా మనవళ్లకు టాబులు వచ్చినాయి, వాళ్లకెందుకు ఇది? పాపకు ఇయ్యి.”

నిత్య దాన్ని రెండు చేతులతో లాక్కుని నోట్లో పెట్టుకుంది. పళ్లొచ్చే వయసు. దాని చేతిలోంచి పలక తీయబోతే ఊరంతా వినబడేలా ఏడ్చింది. సరే, రాయే కదా అని తుడిచి ఇచ్చేశాను.

ఎండ తగ్గాక రమణ మమ్మల్ని నా మ్యాపులో మొదటి నీలి చుక్క దగ్గరికి తీసుకెళ్లాడు. ఊరి బయట, పలకల గనుల వైపు. ఫోను “వచ్చేశారు” అన్నచోట కుంట లేదు. పలకల గని చెత్త గుట్ట ఉంది. కోసిన పలకల్లో పనికిరాని ముక్కల్ని ఏళ్ల తరబడి పోసిన గుట్ట.

“ఈడ నీళ్లున్నాయని ఎవరు చెప్పినారక్కా?”

“ఉపగ్రహం,” అన్నాను.

“దానికి దాహమేసుంటాది,” అన్నాడు రమణ.

నవ్వేసి గుట్ట ఎక్కాను. ఇలాంటి గుట్టల మీదే చిన్నప్పుడు తొక్కుడుబిళ్ల కోసం నున్నటి ముక్కలు ఏరుకునేదాన్ని. అడుగు వేస్తే అవే గలగలలు, అదే పొడివాసన. నిర్మలమైన నీరు ఆకాశం నుంచి నల్లగా కనిపిస్తుంది, నల్లరాయీ అలాగే కనిపిస్తుంది, కంప్యూటర్‌ రెండింటినీ ఒకటే అనుకోవచ్చు అని పాఠంలో ఉంది. కానీ కళ్లముందున్న ఈ గుట్ట నల్లగా లేదు. పొయ్యిలో బూడిద రంగులో ఉంది. నా చిత్రంలో మాత్రం కాటుకలా ఉంది. ఎందుకో అర్థం కాలేదు. పక్క చుక్క దగ్గరికి వెళ్లాం. అదీ గుట్టే. ఆ పక్కది కూడా.

పుల్లలచెరువు దారిలో

పెద్దమ్మ ఇంట్లోనే పడుకుని, మర్నాడు పొద్దున్నే ఎర్రగొండపాలెం మీదుగా నల్లమల వైపు బయల్దేరాం. కంది కోతలైపోయిన చేలు, చిల్లకంప ముళ్లపొదలు, దూరంగా నీలంగా కొండలు. ఒక మలుపులో మేకల మంద అడ్డొచ్చి రమణ బ్రేకు వేశాడు. వెనక క్యాను పడిపోయి, మూత ఊడి, తెనాలి నుంచి మోసుకొచ్చిన కృష్ణా నీళ్లు క్షణంలో ఎర్రమట్టిలో ఇంకిపోయాయి.

నేను ఏడుపు ఆపుకున్నాను, నిత్య ఆపుకోలేదు. దాని పాలవేళ అది. కొట్టు కోసం వెతుకుతూ పుల్లలచెరువు చేరకముందే ఒక పల్లెలో ఆగాం. గుమ్మంలో శనక్కాయలు ఒలుస్తున్న ఆవిడని అడిగితే లోపలికి రమ్మంది. పేరు లక్ష్మమ్మ.

“ఏ నీళ్లు కావాల? తాగేటివా, వాడేటివా?” అని అడిగింది.

మా ఇళ్లల్లో ఆ ప్రశ్న ఉండదు. చుట్టం వస్తే చెంబుతో నీళ్లిస్తాం, అంతే. ఇక్కడ ప్రతి ఇంట్లో రెండు వరసలు. గడప బయట బోరునీళ్ల బిందెలు, లోపల మూత మీద గ్లాసు బోర్లించిన కొన్న నీళ్ల క్యాను. ఆటో వచ్చినప్పుడు కొనుక్కోవాలి, రాకపోతే ఉన్నవాటితోనే సరిపెట్టుకోవాలి. ఆ క్యాను అడుగున కొంచెమే ఉన్నాయి. లక్ష్మమ్మ వాటిని కాచి, చల్లార్చి, నిత్య సీసాలో పోసింది. మిగిలినవి మా బాటిల్లో వంచింది.

“మరి మీకు?” అన్నారు అత్తయ్య.

“సాయంత్రం వస్తాడులే ఆటో అబ్బాయి. రాకపోతే వాడేటివే తాగుతాం. మాకు అలవాటే గదా. పసిబిడ్డకు అలవాటు చేస్తామా ఏంది?”

అత్తయ్య కొంగుముడి విప్పబోయారు. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపేసింది లక్ష్మమ్మ. “ముడి కట్టు. నీళ్ల దుకాణం పెట్టుకోలేదు నేను.” పైగా సజ్జరొట్టె, శనక్కాయల పచ్చడి పెట్టింది. ఆ పచ్చడి కారానికి అత్తయ్య చెవులు ఎర్రబడ్డాయి. నీళ్లు అడగడానికి మొహమాటపడి, కళ్లనీళ్లతోనే మూడో రొట్టె తిన్నారు. మా ఖాళీ క్యాను వాళ్లింట్లోనే వదిలి వచ్చాం. ఇంకో క్యాను ఉంటే ఒకరోజు ధీమా పెరుగుతుందని లక్ష్మమ్మే అడిగి తీసుకుంది.

ఆ ఊరి వెనక, అడవి అంచున, నా నీలి చుక్క ఒకటి ఉంది. వెళ్లి చూస్తే నిజంగా కుంటే. మాఘమాసంలో కూడా మధ్యలో కొంచెం నీరు, చుట్టూ గొర్రెల గిట్టల గుర్తులు. నిత్యని దించి, నీళ్లలో చెయ్యి ముంచి చూశాను. ఆ సంతోషం తిరిగొచ్చే దారిలోనే సగమైంది. కొన్ని చుక్కలు నిజం, కొన్ని అబద్ధం, ఏది ఏదో చెప్పలేని మ్యాపు ఎవరికి ఉపయోగం? ప్రతి చుక్క దగ్గరికీ ఆటోలో వెళ్లలేను కదా.

కంభం, అర్ధవీడు

మూడో రోజు పెద్దమ్మ దగ్గర సెలవు తీసుకుని కంభం వెళ్లాం. కొండల మధ్య కట్టిన ఆ పాతకాలపు చెరువు ముందు ఆటో దిగగానే గాలి మారిపోయింది. కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు సరిగ్గా కనిపించదు. చిన్నప్పుడు మా నాయన ఒకసారి తీసుకొచ్చాడు. సముద్రం అంటే ఇదేనా అని అడిగాను. “ఇదే అనుకో, చాలు,” అన్నాడు. నిజం సముద్రం చూశాక కూడా నా మనసులో సముద్రం అంటే ముందు ఈ కట్టే వస్తుంది.

“ఇదైనా నీళ్లేనా అమ్మాయ్? దిగి చూసిరా,” అన్నారు అత్తయ్య.

తర్వాత అర్ధవీడు వైపు వెళ్లాం. సగం ఇళ్లకు తాళాలు. పనికోసం ఊళ్లు పట్టిపోయినవాళ్ల వాకిళ్లలో గడ్డి మొలిచింది. అక్కడ కొండ కింద నా మ్యాపు చూపించిన పొడుగాటి ‘చెరువు’ తీరా చూస్తే పొరలు పొరలుగా బయటపడిన పలకరాయి. ఎండలో అదీ బూడిద రంగే.

వేపచెట్టు నీడన కూర్చుని గైడు సారుకి ఫోన్ చేశాను. అంతా విని, “మ్యాపు మొత్తం మళ్లీ చేయాలమ్మా. తప్పు ఎక్కడుందో తెలిస్తే చేయొచ్చు. సమీక్షకి కుదరదనిపిస్తే రేపటికల్లా చెప్పండి, మీ పేరు వచ్చే సెమిస్టరులో పెడతాను,” అన్నారు. ఆయన మెత్తగానే చెప్పారు. అందుకే ఇంకా కష్టమనిపించింది.

నిత్య అత్తయ్య భుజం మీద పలకని కొరుకుతోంది.

“నేను కాన్పుకి వెళ్లకుండా ఉండిపోతే?” అన్నారు అత్తయ్య.

“వదిన ఒప్పుకోదు అత్తయ్యా.”

“ఒప్పుకోలేదు. నిన్ననే ఫోన్ చేసి అడిగాను.”

ఆవిడ అడిగారని అప్పుడే నాకు తెలిసింది. కూతురి కాన్పుకి రాకుండా ఉండనా అని ఒక తల్లి అడగాల్సి రావడం, అదీ నా చదువు కోసం! నేను తల తిప్పుకున్నాను. రమణ ఆటో అద్దం తుడుస్తున్నట్టు నటించాడు. చీకటి పడేలోగా గిద్దలూరు చేరి లాడ్జిలో దిగాం.

గిద్దలూరు

పొద్దున లాడ్జి ఎదురుగా బండి దగ్గర ఉగ్గాని తిన్నాం. నానబెట్టిన బొరుగులకు పోపు పెట్టి, పప్పులపొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. ప్లేటు ముప్ఫై రూపాయలు. మరమరాలు తడిపితే ఏం బాగుంటాయని మొహం చిట్లించిన అత్తయ్య రెండో ప్లేటు తెప్పించుకున్నారు. “కారం తక్కువ ఉంది,” అని కూడా అన్నారు. లక్ష్మమ్మ పచ్చడి తర్వాత ఆవిడకి ఏ కారమూ కారంగా అనిపించలేదు.

రమణ మమ్మల్ని స్టేషన్లో దింపి, నిత్య బుగ్గ గిల్లి, “మళ్లా వస్తే నీళ్లుండే తావుకే తీసుకుపోతాలే అక్కా,” అని వెళ్లిపోయాడు. రైలుకి ఇంకా సమయం ఉంది. బెంచీ మీద ఎండ పడుతోంది. సారుకి ఏమని చెప్పాలో మనసులో వాక్యాలు కట్టుకుంటున్నాను. పేరు వచ్చే సెమిస్టరులో పెట్టండి సార్ అంటే నాకు తెలుసు, ఆ సెమిస్టరు రాదు.

నిత్య పలకని నాకి నాకి సగం తడిపేసింది. “ఛీ, ఇటివ్వవే,” అని అత్తయ్య లాక్కుని, ఆరడానికి బెంచీ మీద ఎండలో పెట్టారు. నాలుక తగిలినచోట పలక నల్లగా నిగనిగలాడుతోంది. నాకనిచోట బూడిద రంగు. నల్లటి మచ్చ అంచులు వంకర్లు తిరిగి, అచ్చం నా చిత్రంలో చెరువులా ఉంది. చూస్తుండగానే అంచుల నుంచి తెల్లబడుతూ వచ్చింది. చెరువు కుంటయింది, కుంట చుక్కయింది. తర్వాత ఉట్టి పలక మిగిలింది.

బళ్లో తడిగుడ్డతో తుడిచిన పలకని గాల్లో ఊపుతూ ఆరేదాకా ఆగలేక తడి మీదే రాసేదాన్ని. బలపం గీత పడేది కాదు. టీచరు కేకలేసేది.

“చవితి,” అన్నాను.

“ఏంటీ?”

ఫోన్ తీసి నేను వాడిన ఉపగ్రహ చిత్రం తేదీ చూశాను. చవితి మర్నాడు. పెద్దమ్మ రేకు లేచిపోయిన వాన, వినాయకుడు తడిసిన వాన, దాని మర్నాడు. వాన కడిగిన ఆకాశంలో ఒక్క మబ్బు లేదని, అంతకంటే శుభ్రమైన చిత్రం దొరకదని మురిసిపోయి ఎంచుకున్నాను. కింద గుట్టలన్నీ తడిసి, తుడిచిన పలకల్లా నల్లగా ఉన్నాయి.

అదే వానాకాలంలో, నాలుగు రోజులు ఎండ కాశాక తీసిన చిత్రం దొరికితే? గుట్టలు ఆరిపోతాయి. చెరువులు ఆరవు.

చిత్రాల జాబితా వెతికాను. ఆ నెలాఖరుది ఒకటి ఉంది. నల్లమల మీద ఒక మూల మబ్బు, మిగతా అంతా బాగుంది. చిన్న తెర మీద పెద్దది చేసి చూశాను. మార్కాపురం పక్కన గుట్టలు బూడిద రంగుకి తిరిగాయి. కంభం చెరువు నల్లగానే ఉంది. లక్ష్మమ్మ ఊరి వెనక కుంట చిన్న నల్లపూసలా అక్కడే ఉంది.

అత్తయ్యకి ఆయాసపడుతూ చెప్పాను. ఆవిడ ఫోన్నీ పలకనీ మార్చి మార్చి చూశారు.

“అంటే పలక ఆరేదాకా ఆగలేదన్నమాట నువ్వు.”

“అవునత్తయ్యా.”

“ఈ ముక్క చెప్పడానికి దానికి పళ్లు రావాల్సొచ్చింది,” అని నిత్యని ఎత్తుకుని ముద్దుపెట్టుకున్నారు. కళ్లు తుడుచుకోవడం నేను చూడకూడదని అటు తిరిగారు.

రైలు వచ్చేలోగా సారుకి ఫోన్ చేసి, “సమీక్షకి కుదురుతుంది సార్,” అన్నాను. తిరుగు ప్రయాణంలో కంభం దాటాక, మార్కాపురం వచ్చేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాను. గుట్టలు సాయంత్రపు ఎండలో వెలిసిపోయిన బట్టల్లా వెనక్కి వెళ్లిపోయాయి. దిగి, దుకాణం మూసేలోగా పెద్దమ్మకి చెప్పి రావాలనిపించింది. దిగలేదు. ఇప్పటికీ ఆ ఒక్కటీ మిగిలిపోయింది.

తర్వాత

కొత్త చిత్రంతో మ్యాపు మళ్లీ చేశాను. మేం చూసొచ్చిన చోట్లన్నీ సరిపోయాయి. సమీక్ష రోజు పొద్దున అత్తయ్య హైదరాబాదు బస్సు టికెట్టు సాయంత్రానికి మార్చుకుని, నేను తిరిగొచ్చేదాకా నిత్యతో ఉన్నారు. మ్యాపు పక్కన రంగుల వివరం ఇచ్చే పెట్టెలో నీరు, పంట, అడవి, బీడు కాక ఇంకో గడి చేర్చాను: పలకరాయి. ఆ గడికి ఏ రంగు వేయాలో వెతుక్కోలేదు. నిత్య పలకని ఎండలో పెట్టి, ఆరాక, దాన్ని చూస్తూ కలిపాను. చదువు ఆ ఏడాదే పూర్తయింది.

ఆ పలక ఇంకా ఉంది. మా నాయన బిగించిన చట్రం ఒక మూల వదులైంది గానీ ఊడలేదు. నిత్య ఇప్పుడు దాన్ని నాకదు, సున్నాలు చుడుతుంది. నిన్న సాయంత్రం గ్లాసుడు నీళ్లు దాని మీద పోసి, నల్లగా మెరుస్తున్న పలకని వీడియోకాల్లో హైదరాబాదుకి చూపించింది.

“నానమ్మా, చూడు! చెరువు!”

అవతల మనవణ్ణి ఒళ్లో వేసుకున్న అత్తయ్య కళ్లజోడు సర్దుకుని తేరిపార చూశారు.

“ఆరనివ్వవే తల్లీ,” అన్నారు. “అప్పుడు చెబుతాను.”